ఇన్‌వెస్ట్ ఎస్‌డీఆర్ సమీక్ష: చెరువులోకి మట్టి ఎక్కడి నుంచి వస్తోందో ముందు అడగండి, ఎన్ని టన్నులో తర్వాత

శ్రీశైలం జలాశయం మొదటి సామర్థ్యం 308 టీఎంసీలు. ఇప్పుడు లెక్కల్లో రాసుకునేది 215.8. తుంగభద్ర 132 నుంచి 105.8కి దిగింది. అవి పెద్ద ప్రాజెక్టులు కాబట్టి అప్పుడప్పుడైనా సర్వే చేసి అంకెలు తేలుస్తారు. ఊరి చెరువుకు ఆ భాగ్యం లేదు. పూడిక తీసే ఏడాది తీస్తారు, ఆ తర్వాత వానలు మళ్లీ మట్టిని మోసుకొస్తాయి. పైన ఏ చేలు కోసుకుపోతున్నాయో, ఏ గుట్ట వాలు మీది మట్టి నేరుగా వాగులో పడుతోందో తెలియకుండా చెక్‌డ్యామ్‌లు, కందకాలు ఎక్కడ పెట్టాలో నిర్ణయించడం గుడ్డి లెక్కే.

ఆ పని కోసం కంప్యూటర్ మోడళ్లు చాలానే ఉన్నాయి. మనకు బాగా పనికొచ్చేదని మేం అనుకునేది స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని నేచురల్ క్యాపిటల్ ప్రాజెక్ట్ తయారుచేసిన ఇన్‌వెస్ట్ సాఫ్ట్‌వేర్‌లోని ఎస్‌డీఆర్ (సెడిమెంట్ డెలివరీ రేషియో, అంటే లేచిన మట్టిలో వాగుకు చేరే వాటా) అనే భాగం. వాటర్‌షెడ్ ప్రాజెక్టుల్లో పనిచేసే ఇంజినీర్లు, వ్యవసాయ విద్యార్థులు, స్వచ్ఛంద సంస్థల్లోని మ్యాపింగ్ వాళ్ల కోసం రాస్తున్న సమీక్ష ఇది. మా తీర్పు ముందే చెప్పేస్తాం. ఐదు వేల హెక్టార్ల వాటర్‌షెడ్‌లో ఏ భాగానికి ముందు డబ్బు పెట్టాలి అని అడిగితే దీని మాట నమ్మవచ్చు. ఏడాదికి ఎన్ని టన్నుల మట్టి వస్తుంది అని అడిగితే మాత్రం, చెరువులో దిగి పూడిక కొలిచేదాకా దీని అంకెను ఎవరికీ చూపించకండి.

సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం, ఓపెన్ సోర్స్. విండోస్‌కూ మ్యాక్‌కూ సిద్ధంగా ఇన్‌స్టాలర్లు ఉన్నాయి. మామూలు ల్యాప్‌టాప్ చాలు. ఐదు వేల హెక్టార్లు 30 మీటర్ల పిక్సెళ్లలో దాదాపు 55 వేల పిక్సెళ్లే కాబట్టి లెక్క నిమిషాల్లో ముగుస్తుంది. మ్యాపులు తయారుచేసుకోవడానికీ, ఫలితం చూడటానికీ పక్కన క్యూజీఐఎస్ అనే మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్ తప్పకుండా ఉండాలి. అదీ ఉచితమే.

లోపల జరిగేది

సగం పాత సరుకే. అమెరికాలో విష్‌మయర్, స్మిత్ 1978లో మెరుగుపరచి ఇచ్చిన, నేల కోతను అంచనా కట్టే యూఎస్‌ఎల్‌ఈ సూత్రం. ఆర్ అంటే వాన దెబ్బ, కె అంటే నేల కొట్టుకుపోయే గుణం, ఎల్‌ఎస్ అంటే వాలు పొడవూ నిటారుతనమూ, సి అంటే నేల మీద పంట కప్పు, పి అంటే గట్లు వంటి రక్షణ పనులు. ఈ అయిదింటినీ హెచ్చిస్తే ఏడాదికి హెక్టారు నుంచి లేచే మట్టి టన్నుల్లో వస్తుంది.

లేచిన మట్టంతా వాగుకు చేరదు కదా. దిగువ గట్టు దగ్గరో, గడ్డి పట్టీలోనో చాలావరకు ఆగిపోతుంది. ఎస్‌డీఆర్ కలిపిన రెండో సగం ఇదే. ప్రతి పిక్సెల్‌కూ పైనుంచి ఎంత విస్తీర్ణం నీరు చేరి వస్తోంది, అక్కడి నుంచి వాగు దాకా దారిలో వాలు ఎంత, కప్పు ఎంత అని చూసి ఒక కనెక్టివిటీ సూచీ కడుతుంది. ఇటలీకి చెందిన బోర్సెల్లి బృందం 2008లో ప్రతిపాదించిన సూచీ అది. దాని నుంచి, ఆ పిక్సెల్‌లో లేచిన మట్టిలో ఎంత వాటా వాగుకు చేరుతుందో వస్తుంది. ఈ వాటా 0.8 దాటదు.

రాస్టర్ క్యాలిక్యులేటర్‌లో అయిదు మ్యాపులు గుణించి ‘నేల కోత పటం’ అని రిపోర్టులో పెట్టే అలవాటు మన దగ్గర బాగా ఉంది. ఆ పటంలో గుట్ట నెత్తిన ఉన్న పిక్సెలూ, వాగు ఒడ్డున ఉన్న పిక్సెలూ ఒకే ఎరుపులో కనిపిస్తాయి. చెరువుకు సంబంధించినంతవరకు ఆ రెండూ ఒకటి కావు. ఎస్‌డీఆర్‌కు మేం ఓటు వేయడానికి మొదటి కారణం ఇదే.

డీఈఎం దగ్గరే సగం గెలుపోటములు

ఎత్తుల పటం (డీఈఎం) ఏది ఎంచుకుంటారన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ మన మెట్ట భూముల్లో ఇదే అసలు విషయం. ఎస్‌ఆర్‌టీఎం 30 మీటర్ల పటంలో ఎత్తులు పూర్ణాంకాల్లో ఉంటాయి: 412, 413, 414 మీటర్లు. ఒక శాతం వాలున్న చేలో 30 మీటర్లకు పడే తేడా 30 సెంటీమీటర్లు. పూర్ణాంకాల్లో అది కనిపించే వీలే లేదు. అందుకని మూడు నాలుగు పిక్సెళ్లు చదునుగా ఉండి, తర్వాత ఒక్క పిక్సెల్‌లో మీటరు దిగినట్టు వస్తుంది. అంటే సున్నా వాలు, సున్నా వాలు, ఒక్కసారిగా 3.3 శాతం. ఎల్‌ఎస్ మ్యాపులో ఇది మెట్లు మెట్లుగా, చారలు చారలుగా కనిపిస్తుంది. ఆ చారలనే ‘తీవ్ర కోత ప్రాంతాలు’ అని గుర్తించి కందకాలు తవ్వించే ప్రమాదం ఉంది. కోపర్నికస్ 30 మీటర్ల పటంలో ఎత్తులు దశాంశాలతో ఉంటాయి కాబట్టి తెలంగాణ, రాయలసీమ మెట్ట భూములకు అది మేలు. ఇస్రో వారి భువన్ వెబ్‌సైట్‌లో దొరికే కార్టోడెమ్‌ను కూడా వాడవచ్చు. ఏది వాడినా ముందు హిల్‌షేడ్ (వెలుగునీడల పటం) వేసి చారలూ గుంటలూ ఉన్నాయేమో చూసుకోవాలి.

డీఈఎంను మీటర్ల కొలతలోకి మార్చేటప్పుడు చుట్టుపక్కల పిక్సెళ్ల విలువలను కలిపి సగటు తీసే బైలీనియర్ పద్ధతి ఎంచుకోండి. క్యూజీఐఎస్ తనంతట తాను, దగ్గరి పిక్సెల్ విలువనే తీసుకునే ‘నియరెస్ట్’ పెడుతుంది. దాంతో క్రమమైన అంతరాల్లో గీతలు పడి ఆ గీతల వెంటే నీరు పారినట్టు వస్తుంది. భూవినియోగ పటానికి మాత్రం నియరెస్టే సరైనది, అక్కడ బైలీనియర్ పెడితే లేని కోడ్‌లు పుడతాయి. మీటర్ల కొలతకు వాడే యూటీఎం జోన్ విషయానికొస్తే హైదరాబాద్, వరంగల్, విజయవాడ అన్నీ యూటీఎం 44 ఉత్తర జోన్, అంటే ఈపీఎస్‌జీ 32644. 78 డిగ్రీల రేఖాంశానికి పడమర ఉన్న అనంతపురం, ఆదోని 43వ జోన్‌లోకి, 84 డిగ్రీలు దాటిన ఇచ్ఛాపురం వైపు 45వ జోన్‌లోకి వస్తాయి. వాటర్‌షెడ్ రెండు జోన్ల మీద పడితే ఏదో ఒకటి పెట్టుకుని అన్ని పటాలనూ అందులోకే తెచ్చుకోండి. చిన్న విస్తీర్ణానికి వచ్చే తేడా లెక్కలోకి రాదు.

డీఈఎంను వాటర్‌షెడ్ హద్దుకు సరిగ్గా కత్తిరించకుండా చుట్టూ ఒకటి రెండు కిలోమీటర్లు వదిలేయండి. అంచుల్లో నీటి దారి తప్పు పోకుండా ఉంటుంది. హద్దు గీయడానికి ఇన్‌వెస్ట్‌లోనే డెలినియేట్‌ఇట్ అనే పనిముట్టు ఉంది. చెరువు అలుగు దగ్గర ఒక చుక్క పెడితే పై పరీవాహకం గీసిస్తుంది. చుక్క వాగు పిక్సెల్ మీద పడకపోతే ఐదొందల హెక్టార్ల బదులు అర హెక్టారు గీస్తుంది, కాబట్టి విస్తీర్ణం చూడకుండా ముందుకు వెళ్లవద్దు.

ఆర్, కె: యూనిట్ల ఉచ్చు

వాన దెబ్బను కచ్చితంగా లెక్కించాలంటే 30 నిమిషాల గరిష్ఠ తీవ్రత తెలియాలి. అది చాలా చోట్ల దొరకదు కాబట్టి మన దేశంలో ఎక్కువమంది వాడేది ఒక సులువైన సూత్రం: సగటు వార్షిక వర్షపాతాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని 0.363తో హెచ్చించి 79 కలపడం. 700 మిల్లీమీటర్లకు 333 వస్తుంది. ఇక్కడే ఎక్కువ రిపోర్టులు బోల్తా పడుతున్నాయి. ఆ 333 పాత మెట్రిక్ పద్ధతిలోది. ఇన్‌వెస్ట్ అడిగేది మెగాజౌల్ మిల్లీమీటర్‌లలో, హెక్టారుకు, గంటకు, ఏడాదికి. మార్చాలంటే 9.81తో హెచ్చించాలి, అప్పుడు 3,268 అవుతుంది. ఐరోపా సంఘం నేలల విభాగం ఉచితంగా ఇచ్చే గ్లోరెడా ప్రపంచ పటంతో పోల్చుకోండి. దక్కన్ మీద విలువలు వేలల్లో కనిపిస్తాయే తప్ప మూడొందల్లో కాదు.

కె దగ్గర తప్పు ఎదురు దిక్కున జరుగుతుంది. ఇసుక, ఒండ్రు, బంకమట్టి శాతాల నుంచి ఎపిక్ సూత్రంతో కట్టిన కె అమెరికన్ యూనిట్లలో 0.1 నుంచి 0.5 మధ్య వస్తుంది. దాన్ని 0.1317తో హెచ్చిస్తేనే ఇన్‌వెస్ట్‌కు పనికొచ్చే విలువ. మార్చాక 0.01 నుంచి 0.06 మధ్య ఉంటే సరే. మార్చడం మరిచిపోతే నేల కోత ఏడున్నర రెట్లు ఎక్కువగా వస్తుంది. ఆర్‌ను మార్చకుండా కెను మాత్రం మారిస్తే పదో వంతుకు పడిపోతుంది. రెండూ మార్చకపోతే రెండు తప్పులూ దాదాపు కొట్టుకుపోయి నమ్మదగ్గ అంకెలా కనిపిస్తుంది. అన్నిటికన్నా ప్రమాదం అదే, ఎవరికీ అనుమానం రాదు.

నేల పటానికి నాగపూర్‌లోని జాతీయ నేలల సర్వే సంస్థ పటాలు దొరికితే మేలు. లేకపోతే సాయిల్‌గ్రిడ్స్ 250 మీటర్ల పటాలు వాడవచ్చు. అందులో బంకమట్టి కిలోకు గ్రాముల్లో ఉంటుంది, శాతం కావాలంటే పదితో భాగించాలి. సేంద్రియ కర్బనం డెసిగ్రాముల్లో ఉంటుంది, పదితో భాగిస్తే గ్రాములు, మరో పదితో భాగిస్తే శాతం. దాన్ని 1.724తో హెచ్చిస్తే సేంద్రియ పదార్థం. ఇంకో చిక్కు: చెరువుల మీద, పట్టణాల మీద సాయిల్‌గ్రిడ్స్‌లో ఖాళీలుంటాయి. ఇన్‌వెస్ట్ ఏ ఒక్క పటంలో ఖాళీ ఉన్నా ఆ పిక్సెల్‌ను ఫలితంలోంచి తీసేస్తుంది. ముందే ‘ఫిల్ నోడేటా’తో పూడ్చుకోవాలి.

ఒక లెక్క వేసి చూసుకుంటే తప్పులు చాలావరకు బయటపడతాయి. ఆర్ 3,268, కె 0.03, రెండు శాతం వాలూ 60 మీటర్ల పొడవూ ఉన్న చేనుకు ఎల్‌ఎస్ సుమారు 0.3, వర్షాధార పంటకు సి 0.3, గట్లు లేవు కాబట్టి పి 1. గుణిస్తే హెక్టారుకు 8.8 టన్నులు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ నల్లరేగడి క్షేత్రాల్లో ఏళ్ల తరబడి కొలిచిన సగటు, పాత పద్ధతి సేద్యంలో హెక్టారుకు ఏడాదికి ఆరు టన్నులకు పైగా, వెడల్పాటి మళ్లూ కాలువల పద్ధతిలో ఒకటిన్నర టన్ను దరిదాపుల్లో. మీ పటంలో చదును చేలు 80 టన్నులో 0.8 టన్నో చూపిస్తుంటే యూనిట్లు వెతకండి.

ఇక్కడ ఒక ఊరట కూడా ఉంది. భారత వాతావరణ శాఖ వర్షపాత గ్రిడ్‌లో ఒక్కో గడి పావు డిగ్రీ, అంటే దాదాపు 27 కిలోమీటర్లు. ఐదు వేల హెక్టార్ల వాటర్‌షెడ్ సుమారు ఏడు కిలోమీటర్ల పొడవూ ఏడు కిలోమీటర్ల వెడల్పూ. చాలాసార్లు మొత్తం ఒక్క గడిలోనే ఇమిడిపోతుంది. అప్పుడు ఆర్ అంతటా ఒకటే అంకె. అది తప్పయితే టన్నులు తప్పుతాయి గానీ, ఏ చేను ముందు, ఏది తర్వాత అన్న వరుస మారదు. ఈ మోడల్‌ను టన్నులకన్నా వరుస కోసం నమ్మమంటున్నది అందుకే.

సి విలువలు: వరుసను మార్చేది ఇదే

భూవినియోగ పటంలోని ప్రతి కోడ్‌కూ సి, పి విలువలు రాసిన ఒక సీఎస్‌వీ పట్టిక ఇవ్వాలి. ఈ చిన్న ఫైలు మీద పెట్టినంత శ్రద్ధ మరే పటం మీదా పెట్టనక్కర్లేదు. ఐరోపా అంతరిక్ష సంస్థ (ఈఎస్‌ఏ) వరల్డ్‌కవర్ పటం పది మీటర్ల పిక్సెళ్లతో చూడటానికి బాగుంటుంది గానీ దానికి అన్ని పంట భూములూ కోడ్ 40. కాలువ కింద వరి మడీ, ఎర్ర చెల్కలో పత్తి చేనూ ఒకటే. అలాగే మామిడి తోటా, దట్టమైన అడవీ రెండూ కోడ్ 10. చుట్టూ గట్టు కట్టి నీరు నిలిపే వరి మడికీ, దున్ని వదిలిన చెల్కకూ ఒకే సి ఇస్తే పటం ఎందుకూ పనికిరాదు. జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వార్షిక పటంలో ఖరీఫ్, రబీ, రెండు పంటలు, బీడు అని విడదీసి ఉంటుంది. పిక్సెల్ పెద్దది, 56 మీటర్లు, అయినా వరల్డ్‌కవర్ కోడ్ 40ని దానితో చీల్చుకుంటే పని జరుగుతుంది. అడవి, తోటల తేడా ఉపగ్రహ చిత్రం మీద చేత్తో గీసుకోవడం ఉత్తమం. ఐదు వేల హెక్టార్లకు అది పెద్ద పనేం కాదు.

ఉపగ్రహ చిత్రంలో పచ్చదనాన్ని చూపే ఎన్‌డీవీఐ సూచీ నుంచి సి కట్టే పద్ధతి చాలా ప్రచారంలో ఉంది. మేం దాన్ని సిఫారసు చేయం. పత్తి చేనే తీసుకోండి. జూలై మొదట్లో మొక్క చిన్నది, ఎన్‌డీవీఐ 0.2 ఉంటుందనుకుంటే సూత్రం సి 0.61 ఇస్తుంది. అక్టోబరులో కాయ మీదున్నప్పుడు 0.6 అనుకుంటే సి 0.05. ఒకే చేనుకు పన్నెండు రెట్ల తేడా. మబ్బుల్లేని చిత్రం దొరికేది అక్టోబరులోనే కాబట్టి చాలామంది దాన్నే వాడతారు. నేలను ఎక్కువగా కోసేది మాత్రం నేల బోసిగా ఉన్న జూన్, జూలైల్లో పడే వానలు. పట్టిక నుంచి తీసుకున్న ఏడాది సగటు సి విలువ ఇంతకన్నా నిజాయితీ గలది.

పి విషయంలో పాత హ్యాండ్‌బుక్ విలువలు ఇప్పటికీ పనికొస్తాయి. వాలుకు అడ్డంగా దున్నితే ఒకటి రెండు శాతం వాలులో 0.6, మూడు నుంచి ఎనిమిది శాతం దాకా 0.5, వాలు పెరిగే కొద్దీ ఆ లాభం తగ్గిపోయి 20 శాతం దాటాక 0.9. క్షేత్రంలో చూడకుండా అన్ని చేలకూ 0.5 రాసేయవద్దు. మన దగ్గర చాలా చేలలో చాళ్లు వాలు వెంటే ఉంటాయి, అక్కడ పి 1.

రెండు అంకెలు: త్రెషోల్డ్, బోర్సెల్లి కె

వాగు ఎక్కడ మొదలవుతుందో మోడల్‌కు చెప్పేది త్రెషోల్డ్ ఫ్లో అక్యుములేషన్. దీన్ని పిక్సెళ్ల సంఖ్యగా ఇవ్వాలి. సాధారణంగా అందరూ వదిలేసే విలువ 1000. పిక్సెల్ 30 మీటర్లయితే అది 90 హెక్టార్లు. పది మీటర్లయితే పదే హెక్టార్లు. అంటే డీఈఎం మార్చి అంకె అలాగే ఉంచితే వాగుల జాలం మొత్తం మారిపోతుంది. మన గుట్టల కింద వంకలు 90 హెక్టార్ల కన్నా చాలా ముందే మొదలవుతాయి. 30 మీటర్ల డీఈఎం మీద 150 నుంచి 250 మధ్య పెట్టి, ఇన్‌వెస్ట్‌లోని రూట్‌డెమ్‌తో వాగుల పటం తీసి, ఉపగ్రహ చిత్రం మీద పరచి, నిజం వంకల మొదళ్లతో సరిపోయేదాకా అటూ ఇటూ జరపండి. త్రెషోల్డ్ పెద్దదైతే వాగు దూరంగా ఉన్నట్టు అనుకుని మోడల్ మట్టి చేరికను తగ్గించి చూపిస్తుంది. రోడ్డు పక్క కాలువలు నేరుగా చెరువులో పడే చోట వాటిని విడిగా ‘డ్రెయినేజీ’ పటంగా ఇవ్వవచ్చు. చాలామంది ఈ గడిని చూడకుండా వదిలేస్తారు, ఊళ్ల మధ్య ఉన్న చెరువులకు మాత్రం ఇది నింపాల్సిందే.

రెండోది బోర్సెల్లి కె. పైన చెప్పిన నేల కెతో దీన్ని కలిపేసుకోవద్దు. కనెక్టివిటీ సూచీ నుంచి వాగుకు చేరే వాటాను కట్టే సూత్రంలోని విలువ ఇది. దీని డిఫాల్ట్ (ముందే పెట్టి ఉండే అంకె) 2. ఇది ఎంత పదునైనదో చూడండి. కనెక్టివిటీ సూచీ మైనస్ 3 ఉన్న పిక్సెల్‌లో ఈ విలువ 2 అయితే లేచిన మట్టిలో సుమారు 12 శాతం వాగుకు చేరుతుంది. 1 చేస్తే రెండున్నర శాతం కూడా చేరదు. 3 చేస్తే 19 శాతం. పటాలన్నీ అవే, మారింది ఒక్క అంకె, చెరువుకు చేరే మట్టి ఎనిమిది రెట్లు మారింది. క్యాలిబ్రేషన్ (క్షేత్ర కొలతతో సరిచేసుకోవడం) లేకుండా ఈ మోడల్ నుంచి టన్నులు తీసుకోవద్దని మళ్లీ మళ్లీ చెప్పేది ఈ ఒక్క అంకె వల్లే. ఐసీ జీరో అనే మరో విలువను 0.5 దగ్గరే ఉంచి, దీన్ని ఒక్కదాన్నే కదపండి. రెండూ కదిపితే ఏది దేన్ని సరిచేస్తోందో తెలియదు.

చెరువే కొలబద్ద

వాగు మీద మట్టి కొలిచే కేంద్రాలు కేంద్ర జల సంఘానివి ఉన్నాయి గానీ అవి పెద్ద నదుల మీద. ఊరి వాగుకు ఉండవు. మన అదృష్టం ఏమిటంటే ప్రతి ఊరిలోనూ చెరువు ఉంది, అది ఏళ్ల తరబడి మట్టిని పట్టి దాచిపెట్టింది.

లెక్క ఇలా. ఒక చెరువుకు పై పరీవాహకం 1,200 హెక్టార్లు అనుకుందాం. మోడల్ ఇచ్చిన వాటర్‌షెడ్ పట్టికలో ఏడాదికి 4,800 టన్నులు చేరుతుందని ఉంది. పూడిక సాంద్రత ఘనపు మీటరుకు 1.2 టన్నులు వేసుకుంటే 4,000 ఘనపు మీటర్లు. ఇరవై ఏళ్లకు 80 వేలు. చెరువు పరుపు 40 హెక్టార్లయితే సగటున 20 సెంటీమీటర్ల పూడిక ఉండాలి. ఎండాకాలం చెరువులోకి దిగి, తూము దగ్గర, మధ్యలో, వాగు చేరే చోట, శిఖం అంచుల్లో ఆగర్‌తో (నేలను తొలిచే బర్మాతో) రంధ్రాలు వేసి కొత్త ఒండ్రు ఎంత లోతు ఉందో చూడండి. అడుగున గట్టి పాత నేల తగలగానే రంగూ గట్టితనమూ మారతాయి. వాగు చేరే చోట ఇసుక, తూము దగ్గర మెత్తటి బంకమట్టి ఉంటుంది కాబట్టి ఒక్క చోట కొలిచి సగటు అనకూడదు. 40 సెంటీమీటర్లు వస్తే బోర్సెల్లి కె పెంచండి, పది వస్తే తగ్గించండి. అలుగు పారిన ఏళ్లలో కొంత మెత్తటి మట్టి బయటికి పోతుంది, కాబట్టి కొలిచింది నిజానికి కొంచెం తక్కువే అని గుర్తుంచుకోండి.

ఇక్కడ పూడికతీత చరిత్ర తెలియడం తప్పనిసరి. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద చాలా చెరువుల్లో పూడిక తీసి రైతులు చేలకు తోలుకున్నారు. అలాంటి చెరువులో ఇరవై ఏళ్ల లెక్క కుదరదు, తీసిన ఏడాది నుంచి లెక్కపెట్టాలి. ఎప్పుడూ తీయని చెరువు దగ్గర్లో ఒకటి ఉంటే అదే ఎంచుకోండి.

మోడల్‌కు తెలియనివి

గొలుసుకట్టు చెరువులు దీనికి అర్థం కావు. పై చెరువు పట్టిన మట్టి కింది చెరువుకు రాదని దానికి తెలియదు, నీరు పారినట్టే మట్టీ పారినట్టు లెక్క కడుతుంది. ప్రతి చెరువుకూ దాని సొంత పరీవాహకాన్ని, పై చెరువు అలుగు దాకా మాత్రమే, విడి హద్దుగా గీసి నడపాలి.

గట్ల సంగతి ఇంకా ముఖ్యం, దీన్ని గమనించేవాళ్లు తక్కువ. పి విలువ లేచే మట్టిని తగ్గిస్తుంది. వాగుకు చేరే వాటాను నిర్ణయించే కనెక్టివిటీ సూచీలో మాత్రం సి ఉంటుంది, పి ఉండదు. అంటే కాంటూరు గట్టు పైనుంచి వచ్చే మట్టిని ఆపుతుందన్న విషయం లెక్కలో సగమే పడుతుంది. ‘పనులకు ముందు, పనుల తర్వాత’ అని రెండుసార్లు నడిపి తేడా చూపించేవాళ్లు గట్ల ప్రయోజనం తక్కువగా, చెట్ల పెంపకం ప్రయోజనం ఎక్కువగా వస్తుందని తెలుసుకుని మాట్లాడాలి.

వంకల గట్లు విరిగి పడటం, లోతు కోతలు, రోడ్డు పనుల మట్టి, ఇసుక తవ్వకం ఇవేవీ ఇందులో లేవు. ఉన్నది నేల మీద పొరలు పొరలుగా, సన్నటి చారలుగా జరిగే కోత మాత్రమే. ఒక్క తుపాను వానకు ఎంత మట్టి వస్తుందన్న ప్రశ్నకూ జవాబు ఉండదు, ఇది ఏడాది సగటు మోడల్.

ఫలితాల పటాల్లో ఒక చిన్న జాగ్రత్త: పాత వెర్షన్లలో విలువలు పిక్సెల్‌కు టన్నులు, కొత్త వాటిలో హెక్టారుకు టన్నులు. 30 మీటర్ల పిక్సెల్ 0.09 హెక్టారు. ఇంటర్నెట్‌లో దొరికే పాత పాఠాలు చూసి 0.09తో మళ్లీ భాగిస్తే పదకొండు రెట్లు పెరుగుతుంది.

స్వాట్ ప్లస్‌తో పోలిస్తే

అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులూ టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం వాళ్లూ అభివృద్ధి చేసిన స్వాట్, దాని కొత్త రూపం స్వాట్ ప్లస్ కూడా ఉచితమే. రోజువారీ వాన, ప్రవాహం, భూగర్భ జలం, పంట ఎదుగుదల అన్నీ లెక్కిస్తుంది. మట్టికి 1975 నాటి మ్యూస్‌ఎల్‌ఈ సూత్రం వాడుతుంది. వాన దెబ్బ బదులు ఆ రోజు మొత్తం ఎంత నీరు పారింది, గరిష్ఠంగా సెకనుకు ఎంత పారింది అన్నది చూస్తుంది కాబట్టి తుపాను రోజు లెక్క కూడా వస్తుంది. జలాశయాలూ అందులో ఉంటాయి. నీటి లెక్క, చెరువుల గొలుసు, వాతావరణ మార్పు ప్రశ్నలైతే స్వాటే సరైనది.

అయినా ఊరి వాటర్‌షెడ్‌కు ముందు దాన్ని ఎత్తుకోవద్దంటాం. రెండు కారణాలు. ప్రవాహం కొలిచిన లెక్కలు లేకుండా స్వాట్‌ను సరిచేయడం అసాధ్యం, పదుల సంఖ్యలో ఉన్న విలువలను ఎటు తిప్పినా ఏదో ఒక జవాబు వస్తుంది. రెండోది, ఒకే రకం నేల, వాలు, పంట ఉన్న ముక్కలన్నిటినీ అది హెచ్‌ఆర్‌యూ అనే ఒకే లెక్క ముక్కగా కలిపేస్తుంది. ఆ హెచ్‌ఆర్‌యూ వాగు ఒడ్డున ఉందో గుట్ట మీద ఉందో మామూలు అమరికలో దానికి పట్టదు. ఏ చేనులో పని మొదలుపెట్టాలన్న ప్రశ్నకు అది పెద్ద లోటు. వెప్ అనే మరో మోడల్ ఒక్క వాలును చాలా లోతుగా లెక్కిస్తుంది, పరిశోధన క్షేత్రాలకు బాగుంటుంది. మండల స్థాయి పనికి దానికి కావాల్సిన సమాచారం సమకూర్చుకోలేం.

రిపోర్టులో ఏం పెట్టాలి

చేరే మట్టి పటాన్ని టన్నుల రంగులతో కాకుండా వరుసల వారీగా పెట్టండి. మొత్తం విస్తీర్ణంలో ఎక్కువ మట్టి పంపే మొదటి పది శాతం ఒక రంగు, తర్వాతి ఇరవై శాతం మరో రంగు, మిగతాది తెలుపు. సర్వే నంబర్ల హద్దులు దాని మీద పరచండి, అప్పుడే గ్రామసభలో రైతు తన చేను గుర్తుపడతాడు. త్రెషోల్డ్ 150తో, 250తో, బోర్సెల్లి కె 1.5తో, 2.5తో నాలుగుసార్లు నడిపి, నాలుగింటిలోనూ మొదటి పది శాతంలో నిలిచిన చోట్లనే మొదటి విడత పనులకు ఎంచుకోండి. నాలుగింటిలో ఒక్కసారే కనిపించిన చోటుకు వెళ్లి చూడండి. చాలాసార్లు అక్కడ డీఈఎం గీతో, చెరువు గట్టో, రాళ్ల క్వారీనో ఉంటుంది. పటం అడుగున ఏ డీఈఎం, ఆర్ ఏ సూత్రం, ఏ యూనిట్లు, త్రెషోల్డ్ ఎంత, బోర్సెల్లి కె ఎంత, సి పట్టిక మొత్తం, ఏ చెరువులో ఎన్ని చోట్ల పూడిక కొలిచారు అన్నది అచ్చు వేయండి. అయిదేళ్ల తర్వాత మరో ఇంజినీరు వచ్చి అదే చెరువులో ఆగర్ దించినప్పుడు పోల్చుకోవడానికి ఆ అర పేజీయే ఆధారం.